జర్మనీకి వెళ్తే భార్యాభర్తలిద్దరి ఉద్యోగాలూ నిలబడతాయా? పిల్లలు పుట్టాక అసలు ఏం జరుగుతుంది?

మీరు అడిగింది ఇదీ: మీకు జర్మనీలో బ్లూ కార్డ్ (చదువుకున్న విదేశీ నిపుణులకిచ్చే వర్క్ పర్మిట్) మీద ఉద్యోగం వచ్చింది, మీ ఆవిడ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లోనే పనిచేస్తున్నారు, ఒకటి రెండేళ్లలో పిల్లల్ని కనాలనుకుంటున్నారు. ఒక ఫ్రెండేమో "అక్కడ ఆడా మగా సమానం, మొగుళ్లే వంట చేస్తారు, గవర్నమెంటు డబ్బిచ్చి మరీ ఏడాదిపైన సెలవిస్తుంది, ఆవిడ కెరీర్‌కి ఢోకా లేదు" అన్నాడు. ఇంకొకడేమో "అక్కడికెళ్లిన మనవాళ్ల భార్యలు సగం మంది ఇంట్లోనే ఉండిపోయారు" అని భయపెట్టాడు. ఎవరి మాట నమ్మాలి అని.

ఇద్దరూ చూసిందే చెప్పారు. చట్టం మీ ఆవిడ పక్షానే ఉంది, అందులో సందేహం లేదు. కానీ మీరిద్దరూ కూర్చుని ఏమీ తేల్చుకోకపోతే మాత్రం జర్మన్ ఏర్పాటు మిమ్మల్ని మెల్లగా "మొగుడు ఫుల్ టైం, పెళ్లాం పార్ట్ టైం లేదా ఇల్లు" అనే గాట్లోకి తోసేస్తుంది. ఎవరూ బలవంతం చేయరు. టాక్స్ కాగితాలు, కిటా (పిల్లల్ని ఉంచే డే కేర్) టైమింగులు, స్కూలు గంటలు అన్నీ కలిసి ఆ పని చేస్తాయి. నేను స్టుట్‌గార్ట్ పక్కన ఒక కంపెనీలో హెచ్.ఆర్.లో చాలా ఏళ్లుగా ఉన్నాను, పే స్లిప్పులూ పేరెంటల్ లీవ్ కాగితాలూ నా టేబుల్ మీదుగానే పోతాయి, మన తెలుగువాళ్లు కూడా బాగానే ఉన్నారు మా దగ్గర. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు ఆ "పాశ్చాత్య దేశాలు" అనే మాట పక్కన పెట్టండి. అమెరికాలో 1993 నాటి చట్టం ప్రకారం దేశమంతటికీ వర్తించేది పన్నెండు వారాల సెలవు, అదీ జీతం లేకుండా, అదీ కనీసం యాభై మంది ఉన్న కంపెనీల్లో. కాలిఫోర్నియాలాంటి కొన్ని రాష్ట్రాలూ పెద్ద కంపెనీలూ సొంతంగా ఇస్తాయి, అది వేరే సంగతి. స్వీడన్ 1974లోనే పేరెంటల్ లీవ్ తల్లికీ తండ్రికీ ఇద్దరికీ అని రాసుకుంది, ఇప్పుడు బిడ్డకు 480 రోజులు, అందులో 90 రోజులు తండ్రివి, 90 తల్లివి, వాడుకోకపోతే పోయినట్టే. అంతకంటే ముఖ్యం, 1971లోనే మొగుడి జీతం మీద మొగుడికి, పెళ్లాం జీతం మీద పెళ్లానికి విడివిడిగా పన్ను వేయడం మొదలుపెట్టింది. అయినా ఈ రోజుకీ స్వీడన్‌లో ఆ సెలవు రోజుల్లో తండ్రులు తీసుకునేది ఇంచుమించు మూడో వంతే. జర్మనీ దారి వేరు. 1977 దాకా పశ్చిమ జర్మనీ సివిల్ కోడ్‌లో భార్య ఉద్యోగం చేయొచ్చు, కానీ సంసార బాధ్యతలకు అడ్డం రానంతవరకే అని రాసి ఉండేది. 1977 అంటే మా ఆఫీసులో రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నవాళ్లు అప్పటికే బడికి పోతున్నారు. తూర్పు జర్మనీలో దీనికి పూర్తిగా తలకిందులు, అక్కడ దాదాపు ప్రతి తల్లీ ఉద్యోగానికి పోయేది, పసిపిల్లల్ని ఉంచడానికి ప్రభుత్వ కేంద్రాలు వీధివీధికీ ఉండేవి. ఆ తేడా ఇప్పటికీ పోలేదు. 2024 లెక్కల్లో ఆడవాళ్ల గంట జీతం మగవాళ్ల కంటే పశ్చిమంలో 17 శాతం తక్కువైతే, తూర్పున 5 శాతమే. (తూర్పున మగవాళ్ల జీతాలే తక్కువ కావడం కూడా అందులో ఒక కారణం, అంతా సమానత్వమే అనుకోకండి.)

కాబట్టి మీ ఉద్యోగం తూర్పున లైప్‌జిగ్‌లోనా, పశ్చిమాన స్టుట్‌గార్ట్‌లోనా అన్నది కూడా మీ ఆవిడ కెరీర్‌కి సంబంధించిన విషయమే. కిటా సీటు దొరకడం, ఫీజు, ఎన్ని గంటలు ఉంచుకుంటారు అన్నవన్నీ ఊరిని బట్టి మారతాయి. బెర్లిన్‌లో 2018 నుంచి కిటా ఫీజు లేదు, మా వైపు మూడేళ్లలోపు పిల్లాడికి నెలకు వందల యూరోలు.

ఇక అసలు విషయం. గాట్లోకి ఎలా పడతారో చెప్తాను.

మొదటి మెట్టు టాక్స్ క్లాస్, అంటే నెలనెలా జీతంలో ఎంత పన్ను కట్ చేయాలో తేల్చే నంబరు. ఇక్కడ 1958 నుంచి భార్యాభర్తల ఆదాయం కలిపి, రెండుగా చేసి, పన్ను లెక్కగట్టే పద్ధతి ఉంది. ఇద్దరి జీతాలకీ తేడా ఎంత ఎక్కువైతే లాభం అంత ఎక్కువ. ఒకరు ఇంట్లో ఉంటే లాభం గరిష్ఠం. దీనికి తోడు సంపాదన లేని భార్యకు మీ ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్‌లోనే ఉచితంగా కవరేజ్. అంటే ఆవిడ ఇంట్లో ఉన్నందుకు ప్రభుత్వం మీకు రెండు చోట్ల డిస్కౌంట్ ఇస్తున్నట్టే లెక్క. నెలనెలా పే స్లిప్‌లో ఇది ఎలా కనిపిస్తుందంటే, మీరు క్లాస్ 3 తీసుకుంటారు, ఆవిడకి క్లాస్ 5 వస్తుంది. 3లో పన్ను చాలా తక్కువ కట్ అవుతుంది, 5లో వాతలు పెట్టినట్టు కట్ అవుతుంది. ఏడాది చివర రిటర్న్ వేస్తే మొత్తం సర్దుబాటు అయిపోతుంది, ఇద్దరికీ కలిపి కట్టే పన్ను ఏ కాంబినేషన్ పెట్టుకున్నా ఒకటే. కానీ ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆవిడ పే స్లిప్ చూసి "ఇంత కష్టపడితే చేతికొచ్చేది ఇంతేనా, ఇదంతా కిటా ఫీజుకే పోతుంది, మానేయ్ పోనీ" అంటారు. ఈ వాక్యం నేను ఎన్ని జంటల నోట విన్నానో. అది ఆవిడ జీతం తక్కువై కాదు, మీ పన్నులో కొంత ఆవిడ స్లిప్‌లో కట్ అవుతోంది, అంతే.

ఇందులో పిల్లలకు సంబంధించిన మెలిక ఒకటుంది, చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఎల్టర్న్‌గెల్ట్ అని, పేరెంటల్ లీవ్‌లో ప్రభుత్వం ఇచ్చే డబ్బు. బిడ్డకు ముందు ఏడాది చేతికొచ్చిన నెట్ జీతంలో సుమారు 65 శాతం, నెలకు కనీసం 300, గరిష్ఠం 1,800 యూరోలు. నెట్ మీద లెక్క కాబట్టి క్లాస్ 5లో ఉన్న తల్లికి ఏడాది పాటు నెలనెలా వందల యూరోలు తగ్గిపోతాయి, ఇది మాత్రం ఏ రిటర్న్‌లోనూ తిరిగి రాదు. లెక్కలోకి తీసుకునే పన్నెండు నెలల్లో ఎక్కువ నెలలు ఏ క్లాస్ ఉందో అదే పట్టుకుంటారు. అందుకని ఆవిడ 3, మీరు 5 కావాలంటే ప్రెగ్నెన్సీ తెలిసిన వారంలోనే ఆ మార్పు చేయాలి, ఇంకా ముందైతే మరీ మంచిది. ఐదో నెలలో నా దగ్గరికొచ్చి "మేడం, ఇప్పుడు మార్చొచ్చా" అంటే నేను చేయగలిగింది ఏమీ లేదు.

రెండోది, మీకు నేరుగా వర్తించేది: హైదరాబాద్ జీతం ఈ లెక్కలోకి రాదు. జర్మనీలోనో ఈయూలోనో పన్ను కట్టిన ఆదాయమే చూస్తారు. ఆవిడ అక్కడ ఎంత పెద్ద ప్యాకేజ్ మీద ఉన్నా, ఇక్కడ ఉద్యోగంలో చేరకముందే బిడ్డ పుడితే వచ్చేది నెలకు 300. ఆరు నెలలు పనిచేసి ప్రసవానికి వెళితే ఆ ఆరు నెలల సంపాదనని పన్నెండుతో భాగిస్తారు. డబ్బొక్కటే కాదు, తిరిగి వెళ్లడానికి ఉద్యోగం కూడా ఉండదు. ఉద్యోగంలో ఉండి లీవ్‌లో వెళితే ఆ కుర్చీకి చట్టం కాపలా. ప్రసవానికి ఆరు వారాల ముందు నుంచి ఎనిమిది వారాల తర్వాత దాకా తల్లికి ప్రసూతి సెలవు, పూర్తి నెట్ జీతం. ఆ తర్వాత తల్లికి మూడేళ్లు, తండ్రికి మూడేళ్లు, ఎవరిది వాళ్లకే, ఉద్యోగం పోకుండా సెలవు తీసుకునే హక్కు. (డబ్బు మూడేళ్లు రాదు సుమా. ఒక్కరికి పన్నెండు నెలలే, రెండోవాళ్లు కూడా కనీసం రెండు నెలలు తీసుకుంటే మొత్తం పద్నాలుగు.) అందుకే నేనైతే మీకు చెప్పే వరుస: ముందు ఆవిడ ఉద్యోగం, ఏడాది జీతం, ఆ తర్వాత బిడ్డ. వయసు, ఆరోగ్యం వల్ల ఆగలేం అనుకుంటే అది వేరే మాట, దాన్ని టాక్స్ టేబుల్ పెట్టుకుని తేల్చలేం.

బ్లూ కార్డ్ వాళ్ల భార్యకి వచ్చిన రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేసుకునే హక్కుంది, వీసాకి జర్మన్ పరీక్ష కూడా అడగరు. అమెరికాలో హెచ్4 (హెచ్1బి వాళ్ల భార్యకిచ్చే వీసా) మీద ఏళ్లకేళ్లు ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ల గోడు మనందరికీ తెలుసు, ఆ బాధ ఇక్కడ లేదు. కానీ పరీక్ష అడగలేదని భాష నేర్చుకోకుండా వస్తే ఆవిడ వెతుక్కోగలిగేది ఇంగ్లీషుతో నడిచే కంపెనీల్లోనే. ఆర్నెల్లు వెతికి, ఈలోపు కడుపుతో ఉంటే, "సరే, డెలివరీ అయ్యాక చూద్దాంలే" అనుకుంటారు. మీ రెండో ఫ్రెండ్ చెప్పిన సగం మంది ఇలా ఉండిపోయినవాళ్లే. వాళ్లనెవరూ ఇంట్లో కూర్చోమని అనలేదు, ఏ రోజుకారోజు చూద్దాంలే అనుకోవడమే జరిగింది.

మగవాళ్ల లీవ్ గురించి కూడా అడిగారు, "మేనేజర్ ఏమనుకుంటాడో" అని. ఏమీ అనుకోడు, ఇక్కడ అలవాటే. మాట రాకూడదనుకుంటే చిన్న కిటుకు. తండ్రికి ఉద్యోగ రక్షణ లీవ్ మొదలయ్యే ఎనిమిది వారాల ముందు నుంచే వర్తిస్తుంది, అప్లికేషన్ ఇవ్వాల్సిన గడువేమో ఏడు వారాల ముందు. అందుకే తెలిసినవాళ్లు ఎనిమిదికీ ఏడుకీ మధ్య వారంలో ఇస్తారు. నోటిమాటగా టీంకి ముందే చెప్పాలా వద్దా అనేది మీ మేనేజర్‌ని బట్టి మీ ఇష్టం.

కానీ ఎంత తీసుకుంటున్నారు అని చూస్తే, ఇక్కడి తండ్రులు తీసుకునేవాళ్లు కూడా ఎక్కువగా రెండోవాళ్లు తీసుకుంటే కలిసే ఆ రెండు నెలలే, ఆ డబ్బు పోకుండా. అదీ భార్య ఇంట్లో ఉన్నప్పుడే, ఇద్దరూ కలిసి వ్యాన్ వేసుకుని స్పెయిన్ తిరిగొచ్చేవాళ్లు కోకొల్లలు. తప్పని కాదు, సరదాగానే ఉంటుంది. కానీ దానివల్ల పిల్లాడి పని నేర్చుకోవడం జరగదు. 2024 ఏప్రిల్ నుంచి రూల్ మార్చారు, ఇద్దరూ ఒకేసారి డబ్బు తీసుకోవడం తొలి ఏడాదిలో ఒక్క నెలకే (కవలలు, నెలలు నిండని పిల్లల విషయంలో మినహాయింపులున్నాయి). నా మాట వింటే ఆవిడ ఆఫీసుకి తిరిగి వెళ్లిన రోజు నుంచి మీ లీవ్ మొదలుపెట్టండి. మా దగ్గర గుంటూరు కుర్రాడొకడు ఐదు నెలలు ఇలాగే తీసుకున్నాడు. ఊర్నుంచి వాళ్లమ్మ రోజూ వీడియో కాల్‌లో "మగాడివి, నువ్వు పిల్లదాని ముడ్డి కడగడమేంట్రా, అమ్మాయి ఉద్యోగం మానెయ్యొచ్చుగా" అని ఒకటే పోరు. వాడు ఫోన్ పిల్లవైపు తిప్పి "నానమ్మకి టాటా చెప్పు" అని పెట్టేసేవాడట. కిటాలో చేర్పించేటప్పుడు కూడా వాడే వెళ్లాడు. ఇక్కడ పిల్లల్ని గేటు దగ్గర వదిలేసి రావడం ఉండదు, రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెల, పెద్దవాళ్లు ఒకరు రోజూ వెళ్లి ఆ గదిలోనే ఒక మూల కుర్చీలో కూర్చోవాలి, మొదట పది నిమిషాలు బయటికి, తర్వాత అరగంట, అలా అలవాటు చేస్తారు. అప్పుడే ఫారం ఒకటి ఇస్తారు, పిల్లకి జ్వరమొస్తే ముందు ఎవరికి ఫోన్ చేయాలి అని రెండు గళ్లు. మొదటి గడిలో తన నంబరు రాశాడు.

నవ్వకండి, ఈ గడి గురించి నేను ప్రతి జంటకీ చెప్తాను. కిటాకి వెళ్లే పిల్లలకి మొదటి చలికాలమంతా జలుబూ జ్వరమే, పదింటికి ఫోన్ వస్తుంది, వచ్చి తీసుకెళ్లండి అని. ఎవరి నంబరుంటే వాళ్లు మీటింగ్‌లోంచి లేచిపోతారు. ఏడాది తిరిగేసరికి ఎవరి ప్రమోషన్ ఆగిందో వేరే చెప్పక్కర్లేదు. ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకి పిల్లలు జబ్బు పడితే ఒక్కో పిల్లకి తల్లికి 15 రోజులు, తండ్రికి 15 రోజులు (2024 నుంచి ఈ లెక్క), పోయిన నెట్ జీతంలో సుమారు 90 శాతం వస్తుంది. మా దగ్గర తల్లులు ఇవి ఆగస్టుకే అవగొడతారు, తండ్రులవి సగం మిగిలిపోతాయి. 2023లో ఆర్థిక శాస్త్రం నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ చెప్పేది ఇంచుమించు ఇదే: పిలిచినప్పుడల్లా పలికేవాడికి కంపెనీలు మరీ ఎక్కువ ఇస్తాయి, ఇంట్లో ఇద్దరూ అలా పలకలేరు, పిల్లలకు పలికేవాళ్లు ఒకరుండాలి, ఆ ఒకరు సాధారణంగా భార్యే అవుతుంది.

ఇక పార్ట్ టైం. ఇక్కడ ఉద్యోగం చేసే తల్లుల్లో మూడింట రెండు వంతులు పార్ట్ టైం, తండ్రుల్లో పది శాతంలోపే. ఇంటిపని లెక్కలూ దానికి తగ్గట్టే ఉన్నాయి, 2022 సర్వేలో జీతం లేని పని ఆడవాళ్లు వారానికి దాదాపు 30 గంటలు, మగవాళ్లు 21 చేస్తున్నారు. మన దగ్గరితో పోలిస్తే ఆ 21 చాలా మెరుగు, ఒప్పుకోవాలి. బడులు కూడా దీని మీదే ఆధారపడి నడిచాయి, మధ్యాహ్నం పన్నెండున్నరకో ఒంటిగంటకో పిల్లాడు ఆకలితో ఇంటికొస్తాడు, అమ్మ ఇంట్లో ఉంటుంది అన్న లెక్క. 2026 ఆగస్టు నుంచి ఒకటో తరగతి పిల్లలకి రోజంతా చూసుకునే ఏర్పాటు హక్కుగా వస్తుంది, ఏటా ఒక్కో తరగతి కలుపుతారు. కిటా సీటు కూడా 2013 నుంచి ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ హక్కే, అయినా సిబ్బంది లేక ఈ రోజు రెండింటికే మూసేస్తున్నాం అని పొద్దున్నే మెయిల్ వస్తూనే ఉంటుంది. హక్కుకీ సీటుకీ మధ్య ఎంత దూరమో మీరే చూస్తారు. కడుపుతో ఉండగానే పేరు రాయించండి.

పార్ట్ టైం వద్దని నేను అనను. పిల్లలతో గడపాలనుకోవడం తప్పేం కాదు, ఇక్కడ పార్ట్ టైం వాళ్లను చులకనగా కూడా చూడరు. కానీ ఎవరు, ఎంత, ఎప్పటిదాకా అనేది కాగితం మీద ఉండాలి. 2019 నుంచి 45 మందికి పైగా ఉన్న కంపెనీల్లో ఏడాది నుంచి ఐదేళ్ల దాకా గంటలు తగ్గించుకుని, గడువు తీరాక పాత గంటలకి తిరిగొచ్చే హక్కు ఉంది. దాన్ని వాడకుండా మామూలు పార్ట్ టైం కాంట్రాక్ట్ మీద సంతకం పెడితే తిరిగి ఫుల్ టైం అడిగినప్పుడు కంపెనీ "చూద్దాం" అంటుంది. ఇంకో దారి, ఇద్దరూ వారానికి 24 నుంచి 32 గంటల మధ్య చేస్తే కొన్ని నెలలు అదనంగా ఎల్టర్న్‌గెల్ట్ వస్తుంది. ఒకరు 40, ఇంకొకరు 20 చేసేకంటే ఇద్దరూ 30 చేసుకున్న జంటలు నా కళ్లకు ప్రశాంతంగా కనిపించాయి.

మా పాత కొలీగ్ ఒకావిడ, జర్మనే, ఇద్దరు పిల్లల కోసం మొదలుపెట్టిన సగం రోజు ఉద్యోగం పదిహేనేళ్లు అలాగే సాగదీసింది, ఆ తర్వాత విడిపోయారు. పెన్షన్ ఆఫీసు ఏటా ఒక ఉత్తరం పంపుతుంది, రిటైరయ్యాక నెలకు ఎంత రావొచ్చో అంచనా. లంచ్‌లో అది నాకు చూపించింది, ఆ అంకెతో మా ఊళ్లో ఒక గది అద్దె కూడా రాదు. పెళ్లయి ఉన్నంతకాలం ఇద్దరూ సంపాదించిన పెన్షన్ పాయింట్లు విడాకుల్లో చెరిసగం చేస్తారు, పిల్లని పెంచినందుకు ఒక్కో బిడ్డకీ మూడేళ్ల పాయింట్లు కలుపుతారు, ఇవన్నీ కలిపాకే ఆ అంకె. 2008లో చట్టం మార్చాక మాజీ భార్యకి భరణం కూడా మామూలుగా బిడ్డకి మూడేళ్లు నిండేదాకానే, ఆ తర్వాత నీ కాళ్ల మీద నువ్వు నిలబడు అంటుంది కోర్టు. పెళ్లిలో ఉండగా ఇంట్లో ఉండమని పన్ను చట్టం, విడిపోయాక ఉద్యోగం చేయమని కుటుంబ చట్టం. శుభమా అని వెళ్తుంటే విడాకుల మాటెందుకు అనుకోకండి, మొగుడికి ఏదైనా అయినా పరిస్థితి అంతే కదా.

అమ్మావాళ్లని పిలిపించుకుంటాం అని చివర్లో రాశారు. అమెరికాలో అమ్మ ఆర్నెల్లు, అత్తమ్మ ఆర్నెల్లు అని వంతులు వేసుకుంటారు, ఇక్కడ షెంగెన్ వీసా (చూడటానికి వచ్చేవాళ్లకిచ్చే యూరప్ వీసా) మీద 180 రోజుల్లో 90 రోజులే. ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని పిలిచినా ఆర్నెల్లు గడుస్తాయి, మీ బిడ్డకి ఏడాది నిండేదాకా కిటా హక్కు లేదు. వాళ్లని ప్రసవానికి కాకుండా ఆవిడ తిరిగి ఉద్యోగంలో చేరే టైంకి పిలిస్తే ఎక్కువ ఉపయోగం, కానీ ఈ మాట మీ అత్తగారికి మీరే చెప్పుకోండి, నేను మధ్యలో రాను.

మీ ఆవిడ ఏ టెక్నాలజీలో ఉన్నారు, జర్మన్ ఎంతవరకు వచ్చు, మీ ఆఫర్ ఏ ఊళ్లో అన్నది కింద రాయండి. వీలైతే ఆవిణ్నే రాయమనండి. కిటా ఫీజులు, అక్కడ ఇంగ్లీషుతో దొరికే ఉద్యోగాలు ఊరిని బట్టి చెప్పగలను. ఎల్టర్న్‌గెల్ట్‌కి ఆదాయ పరిమితి కూడా ఉంది, 2025 ఏప్రిల్ నుంచి పుట్టిన పిల్లలకి ఏడాదికి 1,75,000 యూరోల పన్ను పరిధి ఆదాయం దాటితే రాదు. ఇద్దరూ సీనియర్లయితే అది కూడా ఒకసారి చూసుకోండి.